సువార్తయా? సిరివార్తయా?

దేవునితో బేరమాడుట మనుష్యునకు నేడు క్రొత్తగా నలవడిన విద్య కాదు. బిడ్డ బ్రతికినచో ముడుపు కట్టెదమనియు, వ్యాజ్యెము గెలిచినచో తలనీలాలిచ్చెదమనియు మ్రొక్కుకొనువారు మన యూళ్లలో వీథికి పదిమంది కలరు. అది భయమున నాడిన మాట. ఆపదలో నున్నవాని నోట వచ్చినది గనుక దానిని క్షమింపవచ్చును. కాని బేరమునే వేదాంతముగా జేసి, మ్రొక్కునే వర్తకముగా నేర్పఱచి, దానికి ధర్మగ్రంథమునుండి ప్రమాణములు చూపి, వేదిక నెక్కి బోధించుట వేఱు. అట్టి బోధ యొకటి గడచిన డెబ్బది యెనుబది యేండ్లలో క్రైస్తవసంఘములయందు బలిసి, అమెరికాలో మొలకెత్తి, ఆఫ్రికా, బ్రెజిలు, కొరియా దేశముల శాఖోపశాఖలై, నేడు తెలుగునేలపైనను నీడ పఱచుచున్నది. దీనికి సమృద్ధి సువార్త యని పేరు పెట్టిరి. సువార్త యను పేరు దీనికి చెల్లదనియు, ఇది వట్టి సిరివార్త యనియు, దీనివలన క్రైస్తవసంఘములు ఏ పనికొఱకు పుట్టినవో యా పనికే మూలచ్ఛేదము కలుగుచున్నదనియు నిరూపించుట మా యుద్దేశము.

ఇందు జోక్యము చేసికొనుటకు మీరెవరని యడుగువా రుందురు. మేము పాదిరులము గాము, బడిపంతులము. అయినను మా కీ విషయమున మాటాడు హక్కు కలదనియే తలంచుచున్నాము. 1843 సంవత్సరమున బందరులో నోబిలు దొర బడి పెట్టినది మొదలుకొని, ఆంధ్రదేశమున నింగ్లీషు చదువునకు మిషనులు చేసిన సహాయమును కాదనువారు లేరు. ఆ బడులలో చదివినవారును, ఆ యాసుపత్రులలో పురుడు పోసికొన్న తల్లులును అన్ని మతములలోను కలరు. పదియూళ్లు నీరు త్రాగు చెఱువు పూడిపోవుచుండగా, గట్టు మాది కాదుగదా యని యూరకుండుట నీతి కాదు.

మొదట నీ బోధ యేమి చెప్పునో యథాతథముగా చెప్పుదము. దేవుడు తన భక్తులందఱును ఆరోగ్యవంతులుగాను ధనవంతులుగాను ఉండవలెనని సంకల్పించినాడు. ఆ సంకల్పము క్రీస్తు మరణముచేత నెఱవేరినది. కావున ధనారోగ్యములు విశ్వాసికి హక్కు. హక్కును పొందుటకు రెండుపాయములు కలవు. ఒకటి, నాకు ధనము కలిగినదని నోటితో దృఢముగా పలుకుట. రెండవది, బోధకునికి కానుక యిచ్చుట. ఈ కానుకకు విత్తనమని పేరు. విత్తినవాడు కోయును; ఎక్కువ విత్తినవా డెక్కువ కోయును; కోతకు రానివాడు సరిగా విత్తలేదు. సిద్ధాంత మింతియే.

పలుకుటచేత వస్తువు సిద్ధించునను మొదటి యుపాయము బైబిలునుండి వచ్చినది కాదు. పందొమ్మిదవ శతాబ్దపు టమెరికాలో నవీనభావన యను నొక వాదముండెను. మనస్సునందు దృఢముగా తలంచినదెల్ల జరుగునని దాని సారము. 1867 మొదలు 1948 వఱకు జీవించిన కెన్యన్ అను బోధకుడు ఇట్టి భావములు వ్యాపించియున్న కాలమున తన బోధను రూపొందించెను. అతని వ్రాతలనుండి కెన్నెత్ హేగిన్ అను నతడు పుటలకు పుటలు గ్రహించెనని పరిశోధకులు ప్రక్కప్రక్కన పెట్టి చూపియున్నారు. విత్తనమను రెండవ యుపాయమునకు కర్త ఓరల్ రాబర్ట్సు. 1947లో నితడు యోహాను మూడవ పత్రికలోని రెండవ వచనమును చదివి, దేవుడు మనకు సమృద్ధిని కోరుచున్నాడని కనుగొనెనట. ఆ వచనమేమి? వృద్ధుడొకడు గాయు అను మిత్రునకు జాబు వ్రాయుచు, నీవు క్షేమముగాను ఆరోగ్యముగాను వర్ధిల్లవలెనని కోరినాడు. మన పెద్దలు జాబు మొదట ఉభయకుశలోపరి యని వ్రాయుదురు గదా! ఆ యొక్క మాటను పట్టుకొని, మామగారు నాకు కుశలమును బాకీపడినారని అల్లుడు వ్యాజ్యెము వేసిన నెట్లుండునో, యీ సిద్ధాంతమును నట్లున్నది.

1950ల దశకములో రాబర్ట్సు తన చందాదారులతో నొక యొడంబడిక చేసికొనెను. నూఱు డాలర్లు కానుక యిచ్చినవారికి ఒక సంవత్సరములోపల నెదురుచూడని మార్గమున నది తిరిగి రానిచో, తానే తిరిగి యిచ్చెదనని వాగ్దానము చేసెను. ఇందు కొంత నిజాయితీ కలదని యొప్పుకొందుము. దుకాణదారుడు సరకు వాపసు తీసికొనుటకు సిద్ధపడినాడు. తరువాత వచ్చినవారు వాపసు మాట నెత్తివేసి, సరకు మాత్రమమ్ముచున్నారు.

ఇక బడిపంతులకు సహజమైన పని, లెక్క చూతము. ఇచ్చినదానికి నూఱింతలు వచ్చునని వీరిలో పెక్కుమంది నిర్భయముగా బోధించిరి. పది రూపాయలిచ్చిన వేయి వచ్చును. ఆ వేయి మఱల నిచ్చిన లక్ష యగును. లక్ష నిచ్చిన కోటి. మూడు కోతలలో కూలివాడు కోటీశ్వరుడు కావలెను. ఆఱవతరగతి బాలుడు కూడ, అయ్యా, అట్లయిన బోధకుడే పది రూపాయలను మఱియొకరి కేల యీయరాదు? మమ్మడుగు టెందులకు? అని ప్రశ్నించును. ఈ ప్రశ్నకు మేమెన్నడును సమాధానమును వినలేదు. నూఱింతల పంటయందు నిజమైన విశ్వాసము కలవాడు బిక్షాపాత్రను పట్టుకొనడు. బిచ్చగాండ్ర యిండ్లు వెదకికొనుచు పోవును. విత్తనము మంచిదని చాటుచు తాను మాత్రము నాటక, ఊరివారి కమ్ముకొను కాపును మన రైతులేమందురో చెప్పనక్కఱలేదు.

నూఱింతల మాట మార్కు సువార్తలో కలదు. లేదనము. అన్నిటిని విడిచి వెంబడించినవారికి ఇండ్లు, అన్నదమ్ములు, అక్కచెల్లెండ్రు, తల్లులు, బిడ్డలు, భూములు నూఱంతలుగా లభించుననియు, వానితోకూడ హింసలును లభించుననియు నక్కడ నున్నది. దీనిని అక్షరార్థముగా తీసికొనువాడు నూర్గురు తల్లులను చూపవలెను. తల్లుల విషయమున నది సంఘమను పెద్దకుటుంబమని చెప్పి, భూముల విషయమున మాత్రము రిజిస్ట్రారు కచేరీ దస్తావేజని చెప్పుట యే వ్యాకరణము? హింసల మాటను బొత్తుగా మ్రింగివేయుట యే న్యాయము?

మలాకీ గ్రంథములోని దశమభాగపు వచనము వీరికి మఱియొక యాయుధము. దశమభాగమును మందిరపు గిడ్డంగిలోనికి తెచ్చినచో ఆకాశపు వాకిండ్లు తెఱచి దీవెన కుమ్మరింపబడునని యందున్నది. కాని యా యధ్యాయమునందే, దానికి నాలుగైదు వచనములకు ముందు, కూలివాని కూలి బిగబట్టినవారిపైనను, విధవలను తండ్రిలేనివారిని బాధించినవారిపైనను దేవుడు సాక్షిగా నిలుచునని యున్నది. ఆ గిడ్డంగిలో చేరునది ధాన్యము. మూడేండ్ల కొకమాఱు దశమభాగము లేవీయులకే గాక పరదేశులకును అనాథలకును విధవలకును భోజనము కావలెనని ద్వితీయోపదేశకాండము విధించుచున్నది. అనగా విధవకు పెట్టుటకై యేర్పడిన ధర్మమును విధవయొద్ద గుంజుటకై త్రిప్పినారు. రెండు కాసులు వేసిన బీదవిధవ కథను కానుకల సమయమున చదువని సభ లేదు. ఆ కథకు సరిగా పై వచనమున, విధవల యిండ్లు దిగమ్రింగు శాస్త్రులను క్రీస్తు నిందించినాడు. పై వచనమును విడిచి క్రింది వచనమును చదువుట యీ బోధకులకు వాడుక.

ఆ గ్రంథమునందే గేహజీ కథ యొకటి కలదు. సిరియా సేనాని నయమాను కుష్ఠరోగము పోగొట్టించుకొని, ప్రవక్తయగు ఎలీషాకు బహుమానము లీయబోయెను. ఎలీషా చిల్లిగవ్వ ముట్టలేదు. శిష్యుడగు గేహజీ వెనుకనుండి పరుగెత్తి, గురువుగారు పంపినారని బొంకి, రెండు మణుగుల వెండియు రెండు దుస్తులును పుచ్చుకొనెను. నయమానును విడిచిన కుష్ఠము గేహజీని పట్టుకొనెను. దేవుని యనుగ్రహమునకు వెల కట్టినవానికి ఏ జబ్బు వచ్చునో యీ కథ చెప్పుచున్నది. ఎలీషా గేహజీ లిద్దఱును నేటికిని బ్రతికియే యున్నారు. మన మెవని సభకు పోవుచున్నామో చూచుకొనవలెను.

మన వాఙ్మయము నెఱిగినవారికి నీ విచారము క్రొత్త కాదు. వరము కోరుకొమ్మని నరసింహమూర్తి యడిగినప్పుడు ప్రహ్లాదుడేమనెనో భాగవతము చదివినవారెఱుగుదురు. ప్రభువునుండి లాభము నాశించి కొలుచువాడు భృత్యుడు కాడు, వర్తకుడని యా బాలుడు వరములను నిరాకరించెను. భోగైశ్వర్యములే పరమార్థమని పుష్పించిన మాటలు పలుకువారిని గీత నిందించినది. యోబు గ్రంథము నడుగునది ఈ ప్రశ్నయే: ఏమియు లభింపకున్నను మనుష్యుడు దేవుని సేవించునా? భాషలు వేఱు, దేశములు వేఱు. ధర్మజ్ఞులందఱు నొక్క మాటపైననే నిలిచిరి. ఈ సిరివార్త యా మాటకు ప్రతిపక్షము.

ప్రతివాదుల పక్షమున చెప్పదగినదానిని కూడ చెప్పవలెను. దారిద్ర్యమును పుణ్యముగా పొగడి, కడుపునిండినవారు కడుపుమాడినవారికి వైరాగ్యము నుపదేశించిన కాలములు క్రైస్తవచరిత్రలో కలవు. ఆకలిగొన్నవానికి ఆకాశమును చూపుట ధర్మము కాదు. ఈ క్రొత్త సంఘములలో చేరి త్రాగుడు మానినవారును, జూదము విడిచి పిల్లలను బడికి పంపినవారును కలరు. వారి యిల్లాండ్ర ముఖములలో వెలుగు వచ్చినది. నీవు పనికిరానివాడవని జన్మమంతయు విన్నవానికి, నీవు రాజకుమారుడవని యొకడు చెప్పినచో వెన్నెముక నిలుచుట సహజము. ఇవన్నియు నిజములే. కాని ఆ మేలు త్రాగుడు మానుటవలన వచ్చినది, కష్టపడుటవలన వచ్చినది, తోడివారి యాదరమువలన వచ్చినది. దానిని కవరులో పెట్టిన కానుకకు జమకట్టుట దొంగలెక్క. తాగనిచ్చిన సారాడబ్బు మిగులుట వేఱు, విత్తనము మొలచుట వేఱు. మేము ధనమును దూషించుట లేదు. న్యాయముగా నార్జించి, ఇంటివారిని పోషించి, ఇరుగుపొరుగుల కింత పెట్టు గృహస్థుని మేము సన్న్యాసికంటె నెక్కువగా గౌరవింతుము. దేవుని కృపను ధనముతో కొలుచు తక్కెడను మాత్రమే విఱిచివేయవలె నంటిమి.

ఇప్పుడు తెలుగుదేశపు చరిత్రను చూతము. 1876 మొదలు 1878 వఱకు దక్షిణదేశమును ధాతకఱవు పీడించెను. ఒంగోలులో అమెరికను బాప్టిస్టు మిషనుకు చెందిన క్లౌ దొర యుండెను. ప్రజలకు కూలి దొరకవలెనని యతడు బకింగుహాము కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకమును కంట్రాక్టు పుచ్చుకొని వేలమందికి పని కల్పించెను. మతములో చేర్చుకొమ్మని గుంపులు గుంపులుగా జనులు వచ్చిరి. లెక్కలు చూపి స్వదేశమున కీర్తి గడించుటకు నంతకంటె మంచి సమయముండదు. అతడు చేసినదేమి? కఱవుసహాయము సాగుచున్నంతకాలము, సంవత్సరమునకు పైగా, బాప్తిస్మము లిచ్చుట నిలిపివేసెను. గింజలకొఱకు వచ్చినవాడెవడో, దేవునికొఱకు వచ్చినవాడెవడో తెలియవలెనని యతని తాత్పర్యము. గింజలాగిన పిదప, ఇక మాయొద్ద నిచ్చుటకేమియు లేదని చెప్పినను జనులు విడువలేదు. అప్పుడు 1878 జూలై 3వ తేదీన వెల్లంపల్లి దగ్గఱ గుండ్లకమ్మ యేటిలో 2,222 మందికి బాప్తిస్మము జరిగెను. కఱవులో చేసిన యుపకారము వారి మనస్సులను కదల్పలేదని మేమనము; కృతజ్ఞత మనుష్యధర్మము. కాని గింజకును బాప్తిస్మమునకును నడుమ నొక గోడ కట్టవలెనని యాతనికి తోచెను గదా! ఆ గోడయే మిషనుధర్మము. నేటి సిరివార్త యా గోడను పడగొట్టి, గింజనే బాప్తిస్మముగా నమ్ముచున్నది. క్లౌ దొర వద్దని నిలిపినదానిని వీరు రమ్మని పిలుచుచున్నారు. అన్నముకొఱకు మతము మార్చుకొన్నవారని క్రైస్తవులను వెక్కిరించుట మనదేశమున పాతవాడుక. నూఱేండ్లు ప్రాణములొడ్డి సంఘములు తుడిచికొన్న యా నిందను, తామే పోస్టర్లపై పెద్దయక్షరములతో వ్రాసికొనుచున్నారు.

మిషను అను మాటకు పంపబడుట యని యర్థము. పోవువాడు ఇచ్చుటకు పోవును. 1883లో గుంటూరునకు వచ్చిన ఆన్నా కుగ్లరు డాక్టరమ్మ 1898లో స్త్రీల యాసుపత్రిని తెఱపించి, 1930లో మరణించునంతవఱకు ఆ యూరి తల్లులను బిడ్డలను కాపాడెను. 1915లో నిజామాబాదు దగ్గఱ డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్ అను వైద్యురాలును ఆమె భర్తయు కుష్ఠరోగుల కాశ్రమము నెలకొల్పిరి. దానికి చేయూత నిచ్చినవాడొక హిందూ దాత. ఈ సేవకులు తామిచ్చినదానికి నూఱింతలు ధనము పొందినవారు కారు. దొరలు, దొరసానుల మాట యటుండనిండు. 1903లో తిరునెల్వేలి తమిళ క్రైస్తవులు, భారతీయుల ధనముతో భారతీయులనే పంపవలెనని యొక సంఘము నేర్పఱచి, నిజాము రాజ్యములోని దోర్నకల్ తెలుగువారి యొద్దకు సేవకులను పంపిరి. ఆ సంఘస్థాపకులలో నొకడైన వేదనాయకం సామ్యుల్ అజరయ్య తానే దోర్నకల్‌కు వచ్చి, 1912లో నచ్చటనే బిషప్పాయెను. ఆంగ్లికను సంఘమున నా పదవి నందిన మొదటి భారతీయు డితడే. మిజో కొండలలో 1910 ప్రాంతమునుండి క్రైస్తవ గృహిణులు పూటపూటకు వంట బియ్యమునుండి పిడికెడు ప్రక్కకు తీసి సంఘమున కిచ్చు నాచారమున్నది. దానితో బోధకులు, బడులు పోషింపబడినవి. తమిళ పల్లెలోని తల్లియు, మిజో కొండపైని తల్లియు ఇచ్చిన పిడికెడు వెనుకకు బస్తాయై వచ్చునని యిచ్చినది కాదు. తా నెన్నడును చూడబోని మఱియొక తల్లి బిడ్డకొఱకు ఇచ్చినది. కానుక యన్న నిది. ఇది ముందునకు పాఱు కాలువ. సిరివార్త కాలువను వెనుకకు త్రిప్పి, ఊళ్ల నీటినెల్ల నొక్క పెరటి బావిలోనికి మళ్లించుచున్నది.

మళ్లించిన నీరెక్కడికి పోయినదో చూడుడు. 1987 మొదట ఓరల్ రాబర్ట్సు, మార్చి నెల ముగియులోపల ఎనుబదిలక్షల డాలర్లు చేరనిచో దేవుడు తన్ను పరలోకమునకు పిలిచికొనునని ప్రకటించెను. వైద్యవిద్యార్థుల సహాయార్థమని కారణము చెప్పెను. కడపటి పదమూడులక్షలు కుక్కలపందెముల యజమాని యొకడిచ్చెను. జిమ్ బేకర్ అను టెలివిజను బోధకుడు వేయేసి డాలర్లు పుచ్చుకొని, ఇన్నిదినములు విడిది యిచ్చెదనని, ఉన్న గదులకంటె నెన్నియోరెట్ల మందికి వాగ్దానము చేసి, 1989లో మోసనేరమునకు దండితుడాయెను. కొరియాలో 1958న గుడారములో ప్రార్థనలు మొదలుపెట్టి ప్రపంచములోని పెద్దసంఘములలో నొకదానిని కట్టిన చో యోంగీ, 2014లో సంఘధనమునకు నష్టము కలిగించిన నేరముపై శిక్ష నందెను. 2015లో క్రెఫ్లో డాలరు అను నమెరికా బోధకుడు ఆఱుకోట్ల యేబదిలక్షల డాలర్ల విమానము కొనుటకై, రెండులక్షలమంది తలకు మున్నూఱు డాలర్లు పంపవలెనని విన్నపము చేసెను. కుష్ఠరోగియొద్దకు నడచిపోయినవారి కథ యిప్పుడే చెప్పితిమి. ఇది యెగిరిపోవువారి కథ. 2007లో అమెరికా సెనేటరు గ్రాస్లే యిట్టి యాఱు సంస్థల లెక్కల నడిగెను. కొందఱు చూపిరి, కొందఱు చూపలేదు. 2011లో నేశిక్షయు లేకుండ నా విచారణ ముగిసెను. అక్కడి చట్టమే సంఘముల లెక్కలను చూడుమని గట్టిగా విధింపదు. కావున రాజు చూడని లెక్కను ప్రజ చూడవలసియున్నది.

విశేష మేమనగా, ఈ బోధను తప్పనినవారిలో దాని యాచార్యులే కలరు. బేకరు చెఱసాలనుండి వచ్చి, నాది తప్పు అను నర్థము గల పేరుతో 1996లో గ్రంథము ప్రకటించెను. హేగిన్ తన కడపటి కాలమున, 2000లో, నూఱింతల బోధవంటి యతిరేకములను ఖండించుచు పుస్తకము వ్రాసెను. బెన్నీ హిన్ 2019లోను, ఆ విమానపు క్రెఫ్లో డాలరే దశమభాగము విషయమున 2022లోను, తాము బోధించినది సరికాదని సభలలో చెప్పిరి. వారు మాటపై నిలిచిరా, లేదా యనునది వేఱు సంగతి. గురువు వదలిన చెప్పులను శిష్యులింకను మోయుచున్నారు. ఎవరి యొప్పుకోలు నమ్మకున్నను, వారి మాట నమ్మి పుస్తెలు కుదువబెట్టిన యిల్లాలికి ఆ పుస్తెలు తిరిగి రాలేదు గదా యనునదే మా విచారము.

ఇంతవఱకు ధనము మాట. దీనికంటె ఘోరమైన హాని మఱియొకటి కలదు. విత్తినను కోత రానివాని గతి యేమి? సిద్ధాంతము తప్పనరాదు, దేవుడు తప్పనరాదు, బోధకుడు తప్పనరాదు. మిగిలినవాడు బీదవాడే. నీ విశ్వాసము చాలలేదు, నీ యింట దాగిన పాపమున్నది, నీ విత్తనము చిన్నది యందురు. జ్వరము తగ్గని బిడ్డ తల్లి, బిడ్డను పోగొట్టుకొనుటయే గాక, తన యవిశ్వాసమే బిడ్డను చంపినదను మాటను జీవితాంతము మోయవలెను. యోబు మిత్రులు యోబుతో పలికిన పలుకు లివియే. ఆ గ్రంథము చివర దేవుడు గద్దించినది ఆ మిత్రులను. నేటి బోధకులా మిత్రుల పీఠములపై కూర్చుండి, తాము యోబు పక్షమని చెప్పుకొనుచున్నారు.

తెలుగువారిలో నిది వినవలసినవా రెవరు? ఇచ్చటి క్రైస్తవులలో నధికసంఖ్యాకులు మాలమాదిగ పల్లెలనుండి వచ్చినవారు. నీ దారిద్ర్యమునకు కారణము పూర్వజన్మపాపమని వేలయేండ్లు వారికి బోధించినాము. ఊరి వెలుపల నుంచి, బావి ముట్టనీయక, ఇది నీ కర్మఫలమంటిమి. ఆ మాట నబద్ధమని చెప్పినందుననే క్రీస్తుబోధ వారికి సువార్త యైనది. నీవు బీదవాడవైనది నీ పాపమువలన కాదు. దేవుడు నీ ప్రక్కనే యున్నాడు అని విన్నందుననే వారు తలయెత్తిరి. ఇప్పుడు సిరివార్త వచ్చి, నీ దారిద్ర్యమునకు కారణము నీ యవిశ్వాసమని చెప్పుచున్నది. పూర్వజన్మ తీసివేసి విశ్వాసము పెట్టినారు. నేరము మాత్రము మఱల బీదవాని తలపైననే పడినది. తలుపుగుండ వెడలగొట్టిన కర్మవాదము కిటికీగుండ ప్రవేశించి కోటు తొడిగికొన్నది. భూమి లేకపోవుట, కూలి తక్కువగుట, కులద్వేషము, వడ్డీ, రోగము — వీనిలో నొక్కదానిని గుఱించియు నీ బోధకుడు మాటాడనక్కఱలేదు. ధనవంతుడు దీవింపబడినవాడు, కావున నతని ధనమెట్లు వచ్చినదని యడుగరాదు. వడ్డీవర్తకునకింతకంటె ననుకూలమగు మతమేది?

మఱియొక సంగతి. 1950 నాటి రాష్ట్రపతి యుత్తరువు ప్రకారము, షెడ్యూల్డుకులములలో పుట్టినవాడు క్రైస్తవుడనని చెప్పుకొన్నచో ఆ కులములకు కలిగిన రిజర్వేషనులను కోల్పోవును. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను ఆ నియమమునుండి తప్పించిరి, క్రైస్తవులను తప్పింపలేదు. కాగా మన పల్లెలలోని దళితక్రైస్తవుడు తన విశ్వాసమును బహిరంగముగా ప్రకటించినచో నతనికి లభించునది నూఱింతల లాభము కాదు, ఉద్యోగనష్టము, చదువునష్టము. తెలిసియు నా నష్టమును భరించి నిలిచినవారు కొందఱు కలరు. వారి యెదుట నిలిచి, విశ్వాసమునకు గుర్తు కారును మేడయు నని చెప్పుటకు నోరెట్లు వచ్చును? నిజమైన విశ్వాసమునకు వెల చెల్లించినవానిని అవిశ్వాసి యనుట కంటె నన్యాయము మేమెఱుగము.

సంఘములపై దీని ప్రభావమును ముగ్గురి స్థితిచేత గ్రహింపవచ్చును. మొదటివాడు పల్లెలోని చిన్న పాస్టరు. పీనుగు లేచిన యింటికి ముందుగా పోవువాడతడు. పెండ్లికి, పురుటికి, పోలీసు ఠాణాకు తోడు వచ్చువాడతడు. కానుక మాత్రము ఫోనులో కనబడు బోధకునికి పోవుచున్నది. ఆ బోధకు డీయూరి పేరైన నెఱుగడు. రెండవవాడు రోగి. మందు మ్రింగుట యవిశ్వాసమని నమ్మి, చక్కెరవ్యాధికిని క్షయకును మందులు మానినవాడు చచ్చుచున్నాడు. ఆసుపత్రులు కట్టి ఖ్యాతి గన్న మతమునకే యీ దుర్గతి. మూడవవాడు సేవకు పోదలచిన యువకుడు. కష్టము దేవుని శాపమని నేర్చినవాడు కష్టమున్నచోటి కెట్లు పోవును? కుష్ఠరోగుల యాశ్రమమునకు, అడవిపల్లె బడికి, మురికివాడ వైద్యశాలకు పోవువాడుండడు. పంపబడువాడు లేని సంఘమునకు మిషను లేదు, సభ్యత్వపుస్తకము మాత్రముండును.

చదువరులలో క్రైస్తవులు కాని సోదరీసోదరులు ఇది విని నవ్వుకొనరాదు. ఈ వ్యాధి మన యింటను కలదు. అష్టైశ్వర్యములకు యంత్రములమ్మువారును, గ్రహశాంతికి ధర చెప్పువారును, ఫలశ్రుతి మాత్రము చదివి వ్రతార్థమును విడుచువారును మనవారే. వీరేశలింగము పంతులుగారు 1919లో గతించిరి. వారు చీపురుతో నూడ్చిన చెత్త మఱల వాకిటికి చేరినది. ప్రక్కయింటి మురికిని చూపునపుడు మన కాలువను కూడ చూడవలెను.

ఇక కర్తవ్యము. క్రైస్తవసంఘముల పెద్దలు మౌనము విడువవలెను. ఘానాదేశపు అక్రోపాంగులో 2008, 2009 సంవత్సరములలో ఆఫ్రికా క్రైస్తవపండితులు లొసాన్ ఉద్యమము పక్షమున సమావేశమై, ఈ బోధ నిశితముగా పరీక్షించి, దేవుని శక్తియందు నమ్మకమును నిలుపుకొనుచునే, ధనమును దైవకృపకు కొలతగా చేయుట తప్పని ప్రకటించిరి. బీదదేశపువారే యా పని చేయగా, మన బిషప్పులును, వైదికపాఠశాలలును, సినడులును తెలుగులో, పల్లెవారికి తెలియు మాటలతో, ఆ పని చేయరాదా? పెద్దజనము పోవుననియా భయము? క్లౌ దొర వచ్చిన జనమును సంవత్సరమునకు పైగా నిలుపగలిగెను. నిలిపినందున సంఘము చచ్చిపోలేదు, బలిసినది.

గృహస్థులకును గృహిణులకును మా మనవి మూడు ప్రశ్నలు. కానుక నడుగువాడు సంవత్సరపు లెక్కను అచ్చువేసి పంచునా? నీవు జబ్బుపడినచో నీ గుమ్మమునకు వచ్చునా? నీవిచ్చినది నీకంటె బీదవానికి చేరునా, నీకంటె ధనవంతునికి చేరునా? ఈ మూడింటికి సరియైన సమాధానము దొరకువఱకు కవరు పెట్టెలోనే యుండవచ్చును. దేవునికి తొందరలేదు, తొందర బోధకునిది. ఇచ్చుట మానుమని మేము చెప్పము. మీ వీథిలోని పిల్లవాని జీతముకట్టుడు. క్షయరోగికి పాలు పోయుడు. మీ యూరి చిన్న పాస్టరునకో, పంతులకో, దాదికో తోడుపడుడు. ఇచ్చి మఱచిపొండు. తిరిగి వచ్చునని లెక్కవ్రాసినచో నది యప్పగును గాని దానము కాదు.

చేతిలో చిల్లిగవ్వ లేని బెస్తవాడగు పేతురు, దేవాలయద్వారమున కుంటివానితో, తనయొద్ద వెండిబంగారములు లేవని చెప్పి, చేయి పట్టి లేవనెత్తినట్లు అపొస్తలుల కార్యములలో నున్నది. నేటి వేదికపైని బోధకునియొద్ద వెండిబంగారములు కలవు. కుంటివాడు మాత్రము ద్వారముకడనే యున్నాడు, వానిచేతిలోని చిల్లర కూడ పెట్టెలో పడినది. సంఘము లా కుంటివాని చేయి పట్టుకొనునా, పెట్టెను పట్టుకొనునా యనునదే నేటి ప్రశ్న. రెండును పట్టుకొనుటకు చేతులు చాలవు.